యాగంటికి రాని కాకి, మిద్దె దిగని కాకి

యాగంటి కోనేటి మెట్లు దిగేవాళ్లలో చాలామంది ఒకసారి తలెత్తి చుట్టూ చూస్తారు, కాకి కనిపిస్తుందేమోనని. అగస్త్యుడి తపస్సుకు కాకాసురుడు అడ్డొచ్చాడని, ముని శాపంతో ఆ చోట కాకి వాలడం మానేసిందని, కాకి వాహనంగా గల శని కూడా అక్కడికి రాలేడని స్థలపురాణం చెబుతుంది. అక్కడికి కొద్ది కిలోమీటర్ల దూరంలో ఉన్న బనగానపల్లె బజారులో మాత్రం కాకిగోలకు లోటుండదు. ఉమ్మడి కర్నూలు జిల్లాలో పుట్టి పెరిగిన ప్రతి ఒక్కరూ ఎప్పుడో ఒకప్పుడు అడిగే ప్రశ్నే ఇది: అక్కడ ఎందుకు లేవు, ఇక్కడ ఎందుకు ఇన్ని?

జవాబు వెతికే ముందు ఇంకో ప్రశ్న వేసుకోవాలి. ఏ కాకి? మన వైపు కాకి అనే పేరుతో రెండు వేర్వేరు పక్షులు తిరుగుతున్నాయి. వాటి రూపు వేరు, గొంతు వేరు, కాపురం ఉండే చోటు వేరు. కాకి గురించి మనలో ఉన్న సగం గందరగోళం ఈ రెండింటినీ ఒకటిగా లెక్కేయడంతోనే మొదలవుతుంది.

మెడ చూసి పోల్చుకోవాలి

మిద్దె పిట్టగోడ మీద వాలి వంటింటి కిటికీ వైపు చూసేది ఊరకాకి. శాస్త్రీయ నామం కార్వస్ స్ప్లెండెన్స్. 1817లో ఈ పేరు పెట్టిన ఫ్రెంచి పక్షి శాస్త్రవేత్త వియేయో దీనిలో చూసింది మెరుపును. స్ప్లెండెన్స్ అంటే మెరిసేది అని అర్థం. కాకి నలుపు అనేది అలవాటుగా అనేసే మాటే. పొద్దుటి ఎండలో రెక్కను గమనిస్తే నీలం, ఊదా, అక్కడక్కడా ఆకుపచ్చ ఛాయ కదులుతుంది. నొసలు, నడినెత్తి, గొంతు, రెక్కలు, తోక నల్లగా ఉంటాయి. మెడ చుట్టూ, వీపు పైభాగం, రొమ్ము మాత్రం బూడిద రంగు. ముక్కు కొస నుంచి తోక కొస వరకు 40 నుంచి 43 సెంటీమీటర్లు, బరువు దాదాపు 250 నుంచి 350 గ్రాములు. ఆడా మగా తేడా పైకి తెలియదు.

రెండోది బొంతకాకి. కొన్నిచోట్ల అడవికాకి అంటారు. శాస్త్రజ్ఞులు కార్వస్ కల్మినేటస్ అంటారు. ఇది నిలువెల్లా నలుపు, మెడ మీద బూడిద పట్టీ ఉండదు. ఊరకాకి కన్నా పెద్దది, అర మీటరుకు కాస్త అటూ ఇటూ. ముక్కు దిట్టంగా ఉండి, పైదవడ విల్లులా వంగుతుంది. ఊరకాకి గొంతు పలచగా, ముక్కుతో అన్నట్టు "కా... కా" అంటే, బొంతకాకి గొంతు లోతుగా, బొంగురుగా పలుకుతుంది. ఊరి గోల అలవాటైన చెవికి ఈ తేడా రెండు రోజుల్లో పట్టుబడుతుంది.

పొరపాటు జరిగేది ఎక్కువగా ఎదురెండలో. ఆకాశం వైపు చూస్తే బూడిద మెడ కూడా నల్లగానే కనిపిస్తుంది. అప్పుడు రంగును వదిలేసి ముక్కునూ గొంతునూ నమ్ముకోవాలి. గూడు వదిలిన కొత్తలో పిల్ల కాకుల మెరుపు తక్కువ, నోటి అంచులు గులాబీ ఎరుపులో ఉంటాయి. వాటిని చూసి వేరే జాతి అనుకోకూడదు.

పేరులో కాకి ఉన్నంత మాత్రాన కాకులు కానివీ ఉన్నాయి. కంపచెట్ల మధ్య ఇటుక రంగు రెక్కలతో నడిచే జెముడుకాకి కోయిలల కుటుంబానిది. చెరువులో మునిగి చేపను పట్టి, రెక్కలు చాచి ఆరబెట్టుకునే నీటికాకికి కాకులతో చుట్టరికమే లేదు. మగ కోయిల నల్లగా ఉంటుంది కనుక దూరం నుంచి కాకి అనుకుంటారు. దాని కన్ను నెత్తురు ఎరుపు, ముక్కు లేత ఆకుపచ్చ, తోక పొడవు.

ఒంటికన్ను మాట

కాకికి ఒకే కనుగుడ్డు ఉంటుందని, అది అవసరాన్ని బట్టి ఈ గుంతలో నుంచి ఆ గుంతలోకి పోతుందని పెద్దలు చెబుతారు. రాముడి గడ్డిపరకకు కాకాసురుడు కన్ను పోగొట్టుకున్న కథ దీనికి మూలం. ఒకే మాటను రెండు వైపులా అన్వయించడాన్ని సంస్కృతంలో కాకాక్షిగోళక న్యాయం అన్నదీ ఇందుకే.

కాకికి రెండు కళ్లున్నాయి, రెండూ బాగా పనిచేస్తాయి. అయితే ఈ నమ్మకం గాలిలోంచి పుట్టలేదు, కాకిని దగ్గరగా చూసినవాళ్ల నుంచే పుట్టింది. దాని కళ్లు తలకు రెండు పక్కల ఉంటాయి కాబట్టి ఒక్కో కన్ను ఒక్కో వైపు చూస్తుంది. దగ్గరి వస్తువును పరీక్షగా చూడాల్సి వస్తే తలను పక్కకు వంచి ఒక కన్నుతో చూస్తుంది, మళ్లీ తల తిప్పి రెండో కన్నుతో చూస్తుంది. మెతుకు ముందు నిలబడి తల అటూ ఇటూ వాల్చే కాకిని చూస్తే, కనుగుడ్డు అటు పోయి ఇటు వచ్చిందనే అనిపిస్తుంది. చూపులో తప్పు లేదు, దానికి చెప్పుకున్న కారణంలోనే పొరపాటు.

మనిషి ఎక్కడో ఊరకాకి అక్కడ

పిచ్చుకకైనా అడవి అంచున కాస్త బతుకుంది. ఊరకాకి మనిషిని వదిలి బతికే తావు దాదాపు లేదు. ఓడల మీద ఎక్కి సముద్రం దాటినప్పుడు కూడా అది దిగింది రేవు పట్టణాల్లోనే. 1890ల్లో జాంజిబార్ చేరి, అక్కడి నుంచి తూర్పు ఆఫ్రికా తీరమంతా పాకింది. 1994లో నెదర్లాండ్స్‌లోని ఒక రేవులో తేలింది. కెన్యాలో స్థానిక పక్షుల గుడ్లనూ పిల్లలనూ తినేస్తూ ఎంత ఇబ్బంది పెట్టిందంటే, 2024లో ఆ దేశం పది లక్షల కాకులను తొలగిస్తామని ప్రకటించింది. ఇంత దూరం పోయినా అది అడవిలోకి చొచ్చుకుపోలేదు. చెత్తకుప్ప, చేపల బజారు, హోటల్ పెరడు, ఇవే దాని నెలవులు.

ఊరకాకికి కావలసినవి మూడు. రోజూ తప్పకుండా దొరికే తిండి, అందుబాటులో నీళ్లు, రాత్రికి గుంపుగా పడుకోవడానికి ఎత్తైన చెట్లు. కర్నూలులో తుంగభద్ర ఒడ్డు, మాంసం అంగళ్లు, రోడ్డుపక్క పాత చెట్లు ఈ మూడూ ఇస్తాయి. కడపలోనూ అంతే. అనంతపురం వైపు ఏడాదికి వాన 550 మిల్లీమీటర్ల దగ్గరే. అక్కడి పల్లెల్లో రచ్చకట్ట దగ్గరి వేపచెట్టూ, పశువుల తొట్టీ ఉన్నచోటే కాకి నిలుస్తుంది. ఊరు దాటి ఎర్రనేల మెట్టల్లోకి పోయేకొద్దీ పలచబడి, చివరికి కనిపించదు.

ఇప్పుడు యాగంటిని చూద్దాం. కోనేట్లో నీళ్లకు కొదవ లేదు. కానీ అది ఎర్రమల కొండల రాతిగుట్టల నడుమ ఉన్న గుడి. చుట్టూ పెద్ద ఊరు లేదు, మాంసం అంగళ్లు లేవు. భక్తులు విదిలించే మెతుకుకు కోతులు ముందుగా చేరతాయి. ఊరకాకి కాపురానికి ఇష్టపడని చోటు ఎలా ఉంటుందని అడిగితే, వర్ణన దాదాపు ఇలాగే వస్తుంది. శాపాన్ని కొలిచే తూనిక ఎవరి దగ్గరా లేదు, దాన్ని కాదనే పని ఇక్కడ పెట్టుకోవడం లేదు. కాకి లేని చోటు అనగానే వింత అనుకోనక్కర్లేదని మాత్రం చెప్పవచ్చు. మన జిల్లాల కొండల్లో అలాంటి చోట్లు ఇంకా ఉన్నాయి, వాటికి స్థలపురాణాలు లేవు కాబట్టి ఎవరూ తలెత్తి చూడరు. శ్రద్ధగా పరిశీలించాలనుకునేవాళ్లు పొద్దుపొడుపు తర్వాత రెండు గంటలు, పొద్దుగూకే ముందు రెండు గంటలు కూర్చోవాలి. తేదీ, సమయం, చూసినది బూడిద మెడ కాకా నిలువునా నలుపా అన్నది రాసుకోవాలి. బొంతకాకికి కొండా అడవి అంచూ కొత్త కాదు, కాబట్టి రెండింటికీ వేర్వేరు లెక్క రాయాలి. కాకి కనిపించలేదు అని ఒకే వరుసలో రాస్తే ఆ రాత దేనికీ పనికిరాదు.

గూడు, కోయిల, కరెంటు స్తంభం

మన వైపు కాకి గూటి పని ఎండాకాలంలో ఊపందుకుంటుంది. పిల్లలు తొలకరికి అటూ ఇటూగా బయటికొస్తాయి. వాన పడితే పురుగూ పుట్రా పుష్కలంగా దొరుకుతాయి, వేపపండ్లు రాలతాయి. పిల్లల ఆకలి పెరిగే రోజులకు తిండి పెరిగే రోజులు కలిసేలా లెక్క కుదిరింది.

గూటికి బయట వేప, తుమ్మ పుల్లలు. లోపల కొబ్బరి పీచు, గోనె దారాలు, వెంట్రుకలు. ఇల్లు కట్టేచోట దొరికితే కట్టుకంబి ముక్కలు కూడా. పుల్లకన్నా కంబి గట్టిగా పట్టుకుంటుంది కనుక కాకికి అది మంచి సరుకు. చెట్లు తక్కువైన ఊళ్లలో గూడు కరెంటు స్తంభం మీదికి, ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె మీదికి ఎక్కుతుంది. అక్కడే తిప్పలు మొదలవుతాయి. కంబి ముక్క రెండు తీగలను కలిపితే ఫ్యూజు పోతుంది, గాలివానకు తడిసిన గూడు వల్ల కూడా సరఫరా ఆగుతుంది. ఇలాంటి గూటిని వెదురుకర్రతో పొడిచి పడగొట్టాలని చూడటం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. తడి కర్రలో కరెంటు పారుతుంది. లైన్‌మన్‌కు చెప్పి, సరఫరా ఆపించి తీయించాలి. అది కూడా నాలుగు పుల్లలు పేర్చినప్పుడే చెప్పాలి. గుడ్లు పెట్టాక తీస్తే జంట మళ్లీ దగ్గరలోనే మొదలుపెడుతుంది, పని రెట్టింపవుతుంది.

గుడ్లు సాధారణంగా మూడు నుంచి ఐదు. లేత నీలి ఆకుపచ్చ మీద గోధుమ రంగు చుక్కలు. పదహారు పదిహేడు రోజులకు పిల్లలవుతాయి, ఆపైన మూడు నాలుగు వారాలకు గూడు వదులుతాయి.

ఈ గూళ్లలోనే కోయిల తన గుడ్డు పెడుతుంది. మగ కోయిల గూటి దగ్గరకు వచ్చి కూతతో కాకులను రెచ్చగొడుతుంది. కాకులు దాని వెంటపడితే, ఒంటినిండా చుక్కలున్న ఆడ కోయిల మెల్లగా గూట్లో దిగి గుడ్డు పెట్టి వెళ్లిపోతుంది. కోయిల గుడ్డు కాస్త చిన్నది, రంగు మాత్రం పోలి ఉంటుంది. అసలు కిటుకు రంగులో కన్నా రోజుల లెక్కలో ఉంది. కోయిల గుడ్డు పన్నెండు నుంచి పద్నాలుగు రోజుల్లో పగులుతుంది. అంటే కాకి పిల్ల బయటికొచ్చేసరికి కోయిల పిల్ల రెండు మూడు రోజుల పెద్దది, నోరు పెద్దగా తెరుస్తుంది, ముద్ద ముందు దానికే అందుతుంది. కోయిల పిల్ల మిగతా గుడ్లను గూట్లోంచి తోసేస్తుందని చాలామంది అనుకుంటారు. అలా తోసే అలవాటు వేరే రకం కోయిలలది. మన కోయిల పిల్ల చాలాసార్లు కాకి పిల్లలతో కలిసే పెరుగుతుంది. వెనకబడిన కాకి పిల్లలు ఆకలితో నీరసించి పోవడమూ ఉంది. ఇన్ని తెలివితేటలున్న కాకి దీన్ని ఎందుకు పసిగట్టలేదంటే, గూట్లో నోరు తెరిచిన దానికి ముద్ద పెట్టడం అనేది దాని పుట్టుకతో వచ్చిన పని. అక్కడ అనుమానానికి చోటిస్తే తన పిల్లలే పస్తుంటాయి.

పిల్లలు గూడు దిగే రోజుల్లో కాకులు దారిన పోయేవాళ్ల తల మీద తన్నుతాయి. శని పట్టిందని భయపడేవాళ్లున్నారు. దగ్గర్లో ఎగరడం రాని పిల్ల ఉందని దాని అర్థం, అంతే. కాకి వెనక నుంచే వస్తుంది. గొడుగు వేసుకున్నా, వారం పది రోజులు దారి మార్చినా సరిపోతుంది. రాయి విసిరితే మాత్రం ఆ మనిషి ముఖాన్ని గుర్తుపెట్టుకుంటుంది. అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వాళ్లు ముసుగులు తొడుక్కుని అక్కడి కాకులను పట్టి వదిలితే, ఆ ముసుగును అవి ఏళ్ల తరబడి గుర్తుంచుకుని అరిచాయి. మన ఊరకాకి ఆ జాతికి దగ్గరి చుట్టం.

కింద పడిన పిల్లకు రెక్కల ఈకలు వచ్చి, కుప్పిగంతులు వేస్తుంటే ఇంటికి తీసుకుపోవద్దు. కుక్కలకు అందకుండా దగ్గరి కొమ్మ మీదో గోడ మీదో పెట్టి దూరంగా జరగాలి. తల్లిదండ్రులు వచ్చి మేత పెడతాయి. ఈకలు రాని పిల్ల అయితే గూటికే చేర్చాలి. పాలు పోయకూడదు, పక్షికి అరగవు. ముక్కు తెరిచి నీళ్లు పోస్తే ఊపిరి గొట్టంలోకి పోయి చనిపోతుంది.

శెనక్కాయ చేనులో

మడక వెనకా ట్రాక్టర్ వెనకా నడిచే కాకి రైతుకు పనికొచ్చే పక్షి. వేసవి దుక్కిలో బయటపడిన వేరుపురుగునూ, లద్దెపురుగు కోశాలనూ ఏరుకుని తింటుంది. అదే కాకి విత్తనం పడిన మరునాటి నుంచి దొంగ అవుతుంది. రెండు మాటలూ నిజమే. తేడా ఉన్నది రోజుల్లో.

శెనక్కాయకు కాకి నష్టం విత్తిన రోజు నుంచి రెండు వారాల లోపే. గొర్రు సాలులో విత్తు సరిగా మూసుకోకపోతే మొదటి రోజే ఏరుతుంది. ఐదు సెంటీమీటర్ల లోతున పడి మట్టి బిగిసిన విత్తును తవ్వడం దానికి కష్టం. తర్వాత ప్రమాదం మొలక నేలను చీల్చే నాలుగైదు రోజులు: పప్పుబద్ద పైకి కనిపించగానే మొక్కను పట్టి లాగుతుంది. ఆకులు విచ్చుకుని పప్పులోని సత్తువ తీరిపోయాక దానికి ఆ మొక్కతో పని ఉండదు. కాబట్టి కాపలా పంట పొడవునా అక్కర్లేదు. ఈ పదిహేను రోజులు, అందులోనూ ఉదయం ఆరు నుంచి తొమ్మిది వరకు, సాయంత్రం నాలుగు తర్వాత ఉంటే చాలు. మళ్లీ కోతప్పుడు, పీకిన చెట్లు చేలో ఆరుతున్నప్పుడు.

మెరిసే రిబ్బన్ కట్టేవాళ్లు చేసే తప్పులు రెండు. బిగువుగా, మెలి లేకుండా కడతారు. అప్పుడు అది గాలికి కదలదు, మోగదు. రెండు గుంజల మధ్య మూడు నాలుగు మెలికలు తిప్పి కట్టాలి. రెండో తప్పు, పంటంతా దాన్ని ఉంచేయడం. కాకికి కొత్త వస్తువంటే భయం, ఆ కొత్త ఎన్ని రోజులుంటే భయం అన్ని రోజులే. పదిహేను రోజులు కాగానే విప్పి దాచి, మళ్లీ కోతకు తీయాలి. దిష్టిబొమ్మకైనా అంతే, రెండు రోజులకోసారి చోటు మార్చకపోతే దాని తల మీదే కూర్చుంటుంది.

విషం కలిపిన గింజలు చల్లడం మాత్రం ఏ కారణంతోనూ చేయకూడదు. వాటిని కాకికన్నా ముందు కౌజులూ నెమళ్లూ తింటాయి, చచ్చినవాటిని కుక్కలు తింటాయి. నెమలి చావుకు జైలు శిక్ష ఉంది. కాకి విషయంలోనూ చట్టం మారింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఎలుకలతో పాటు కాకినీ హానికర ప్రాణుల జాబితాలో పెట్టారు. 2022 సవరణలో ఆ జాబితానే తీసేశారు, 2023 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లోకి వచ్చింది.

చేను గట్టు మీది చెట్టును పసులపోలిగాడికి వదిలేయడం కూడా మంచి కాపలా. పిడికెడంత పిట్టయినా, గూడు కట్టిన చెట్టు దగ్గరికి వచ్చిన కాకిని తరిమి తరిమి కొడుతుంది.

పిండం ముట్టని కాకి

పుష్పగిరి దగ్గర పెన్న ఒడ్డున పిండం పెట్టగానే కాకి వాలుతుంది. ఇంటి మిద్దె మీద పెడితే గంట గడిచినా రాదు. పెద్దాయనకు ఏదో కోరిక మిగిలిందని ఇంట్లో కన్నీళ్లు పెట్టుకుంటారు. ఆ బాధను తేలిగ్గా తీసుకోకూడదు, అందుకే కాకి వైపు కారణాలు తెలిసి ఉండటం మేలు.

రేవు దగ్గరి కాకులకు ఆ తిండీ, ఆ మనుషులూ రోజువారీ అలవాటు. ఇంటి దగ్గరి కాకికి ఆ రోజు అన్నీ కొత్తే: కొత్త స్టీలు పళ్లెం తళుకు, గుంపుగా మనుషులు, అందరి చూపూ తన మీదే. కళ్లప్పగించి చూసే మనిషిని కాకి నమ్మదు. పైగా కార్యం ముగిసేసరికి పన్నెండు దాటుతుంది. మన ఎండల్లో ఆ వేళ కాకి నీడలో నోరు తెరుచుకుని కూర్చుంటుంది. చేయగలిగినవి ఇవి. వారం ముందు నుంచి అదే చోట అదే వేళకు రోజూ ఒక ముద్ద పెట్టాలి. ఆ రోజు పళ్లెం బదులు ఆకులో పెట్టాలి. పెట్టి పదిహేను ఇరవై అడుగులు వెనక్కి వచ్చి, పక్కకు తిరిగి నిలబడాలి. వీలైతే పదకొండులోపు ముగించాలి. ఒక కాకి వాలి అరిస్తే చాలు, మిగతావి వస్తాయి.

చనిపోయిన కాకి, ఎండిన నోరు

స్తంభం కింద ఒకే కాకి పడి, ఈకలు కమిలి ఉంటే అది కరెంటు దెబ్బ. చుట్టూ వంద కాకులు చేరి అరుస్తాయి. ఇక్కడ ప్రమాదం ఉందని ఒకదానికొకటి చెప్పుకోవడం అందులో ఒక భాగం. ఒకే చోట ఒకటి రెండు రోజుల్లో అనేక కాకులు రాలితే విషమో రోగమో అయి ఉంటుంది. 2020 డిసెంబరు, 2021 జనవరి నెలల్లో రాజస్థాన్‌లోని ఝాలావర్‌లో, మధ్యప్రదేశ్‌లోని ఇందోర్‌లో బర్డ్ ఫ్లూ ముందుగా బయటపడింది రాలిపోయిన కాకుల్లోనే. అలాంటప్పుడు చేత్తో తాకకుండా, పిల్లలనూ కోళ్లనూ దూరంగా ఉంచి, దగ్గరి పశువైద్యశాలకు చెప్పాలి. వాళ్లు నమూనా తీసుకోకముందే పూడ్చేస్తే కారణం తెలియకుండా పోతుంది.

ఎండాకాలం నీళ్ల సంగతి. కర్నూలు, నంద్యాలల్లో మే నెలలో 43 డిగ్రీలు దాటే రోజులు మామూలే. పక్షికి చెమట పట్టదు, నోరు తెరిచి గొంతు ఆడించడమే ఒంటిని చల్లబరుచుకునే దారి, అందులో ఒంట్లోని నీరు ఆవిరైపోతుంది. వెడల్పాటి మట్టి మూకుడులో రెండంగుళాల నీళ్లు, పిట్టగోడ నీడ పడేచోట పెడితే చాలు. లోతైన బక్కెట్లో చిన్న పిట్టలు పడి చస్తాయి. మూకుడులో ఎముక ముక్క, ఎండిన రొట్టె, ఒక్కోసారి బల్లి తోక తేలుతుంటే ఎవరో పాడుచేశారని అనుకోవద్దు. గట్టిగా ఉన్నదాన్ని నానబెట్టి తినడం కాకి అలవాటు. ఆ నీళ్లు సాయంత్రానికి వాసన కొడతాయి, మిగతా పిట్టలకు రోగం తెస్తాయి. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం రెండు దాటాక ఒకసారి మూకుడును కొబ్బరి పీచుతో తోమి కొత్త నీళ్లు పోయాలి.